సాదా పళ్ళెం వెనుక చరిత్ర: ఇటలీ రైతులు, అంగళ్ళు, వంటిళ్ళు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక భోజన పళ్ళేన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో వివరించగలుగుతారు.
• ఇటలీ వంటలోకి పాస్తా, టమాటా, మొక్కజొన్న ఎప్పుడు, ఎలా వచ్చాయో చెప్పగలుగుతారు.
• సగపాలు సేద్యానికీ, పట్టణ అంగళ్ళకూ, పెల్లాగ్రా వ్యాధికీ ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
• ‘సంప్రదాయ వంట’ అనే భావన ఎలా రూపొందిందో చర్చించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర అంటే రాజవంశాలు, యుద్ధాలు, ఒప్పందాలు మాత్రమే కాదని మీకు తెలుసు. ప్రజలు ఏమి పండించారు, ఏమి తిన్నారు, ఏమి తినలేకపోయారు అన్నది కూడా చరిత్రే. రాజుల శాసనాలు రాతి మీద మిగిలాయి. సామాన్యుల తిండి అలా మిగలదు, తిన్న పూటతో పోతుంది. అందువల్ల దాని చరిత్రను పన్నుల లెక్కలు, కౌలు పత్రాలు, వైద్యుల నివేదికలు, వంట పుస్తకాల నుంచి ఏరుకోవలసి ఉంటుంది.

ఈ పాఠంలో ఒక్క పళ్ళెం తీసుకుందాం. ఉదయం అంగడిలో కొన్న పండిన టమాటాలు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఉప్పు, తులసి జాతికి చెందిన బేసిల్ ఆకులు, ఉడికించిన పాస్తా, పైన కొద్దిగా తురిమిన చీజ్. వండే తీరు కూడా తేలికే. ఇద్దరికి అర కిలో టమాటాలు, 200 గ్రాముల పాస్తా సరిపోతాయి. మూడు చెంచాల నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు మాడకుండా వేయించి, తరిగిన టమాటాలు, ఉప్పు వేసి, నీరు ఇగిరి దగ్గర పడేవరకు ఇరవై నిమిషాలు మగ్గనివ్వాలి. ఈలోగా ఉప్పు వేసిన మరిగే నీటిలో పాస్తాను కొంచెం పలుకుగా ఉడికించి, ఆ నీరు గరిటెడు ఉంచుకుని, రెండింటినీ కలిపి, దించేముందు ఆకులు తుంచి వేయాలి. పోపు లేదు, మసాలా లేదు. రుచి అంతా టమాటా పక్వాన్ని బట్టే ఉంటుంది. కాయ పచ్చిదైతే దాన్ని కప్పిపుచ్చడానికి ఈ వంటలో ఏదీ లేదు. కాబట్టి ఈ వంట పొయ్యి దగ్గర కాదు, అంగడిలోనే మొదలవుతుందని అనవచ్చు.

ఈ భోజనం గురించి ఒక మాట తరచు వినిపిస్తుంది: ‘ఇది ఇటలీ రైతు తాతల కాలం నుంచి తింటున్న సాదా తిండి’ అని. ఈ ఒక్క వాక్యంలో మూడు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి, ఇది తాతల కాలం నాటిది. రెండు, దీన్ని రైతు తిన్నాడు. మూడు, సాదాతనం సంప్రదాయం నుంచే వచ్చింది. చరిత్ర విద్యార్థి ఈ మూడింటినీ విడివిడిగా పరీక్షించాలి.

2. ‘తాతల కాలం’ ఎంత పాతది?

పళ్ళెంలోని పదార్థాలన్నిటికీ ఒకే వయస్సు లేదు. ఆలివ్, వెల్లుల్లి, గోధుమ మధ్యధరా ప్రాంతంలో రోమన్ల కాలానికి ముందు నుంచీ ఉన్నవే. ఎండబెట్టిన పాస్తా వాటి తరువాతది. సిసిలీని నార్మన్ రాజులు పాలిస్తున్న రోజుల్లో, 1154లో, భూగోళ శాస్త్రవేత్త అల్ ఇద్రీసి తన గ్రంథంలో పలెర్మో సమీపాన ఉన్న త్రబియా గ్రామాన్ని వర్ణించాడు. అక్కడ ‘ఇత్రియా’ అనే గోధుమ పిండి తీగలను విరివిగా తయారుచేసి ఓడలలో దూర ప్రాంతాలకు పంపేవారని రాశాడు. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. పాస్తా చరిత్రలో అరబ్బు ప్రపంచపు పాత్ర ఉంది. రెండవది, అది మొదటి నుంచీ వ్యాపార వస్తువు. ఎండినది కాబట్టి నిల్వ ఉంటుంది, నిల్వ ఉంటుంది కాబట్టి ఓడ ఎక్కుతుంది.

అయినా పాస్తా చాలాకాలం సామాన్యుల నిత్యాహారం కాలేదు. దక్షిణాన నేపుల్స్ నగరవాసులను పొరుగువారు ‘ఆకులు తినేవాళ్ళు’ అని ఎగతాళి చేసేవారు, ఎందుకంటే క్యాబేజీ వంటి ఆకుకూరలు, కొంత మాంసం వారి ముఖ్యాహారం. 17వ శతాబ్దంలో ఆ పేరు ‘మెకరోనీ తినేవాళ్ళు’ అని మారింది. ఈ మార్పును ఇటలీ చరిత్రకారుడు ఎమీలియో సెరేని వివరించాడు. నగర జనాభా పెరిగింది, తలసరి మాంసం, కూరలు తగ్గాయి. అదే కాలంలో పిండిని ఒత్తే మర యంత్రాలు వచ్చి పాస్తా ధర దిగింది. అంటే మెకరోనీ వ్యాప్తికి రుచి కన్నా ధరలు, జనాభా ఒత్తిడి ముఖ్య కారణాలు. ఆ పాస్తాను వీధిలో చేత్తో ఎత్తి తినేవారు. పైన చీజ్ తురుము తప్ప టమాటా ఉండేది కాదు.

టమాటా అమెరికా ఖండం నుంచి స్పెయిన్ ద్వారా వచ్చింది. 1544లో వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు పియెత్రో ఆండ్రియా మత్తియోలి దాన్ని ఒక రకం వంకాయగా పేర్కొన్నాడు. పదేళ్ళ తరువాతి కూర్పులో ‘బంగారు పండు’ అనే అర్థం గల పేరు పెట్టాడు. నేటి ఇటాలియన్ పేరు ‘పొమొదోరో’ అదే. అయితే విష మొక్కల కుటుంబానికి చెందినదన్న అనుమానం వల్ల తోటలలో అలంకారంగా మిగిలింది. నేపుల్స్‌లో ఆంతోనియో లాతీని 1690లలో ప్రచురించిన వంట గ్రంథంలో టమాటా సాస్ కనిపిస్తుంది, అదీ ‘స్పెయిన్ పద్ధతి’ అన్న పేరుతో. నేపుల్స్ అప్పుడు స్పెయిన్ పాలనలో ఉంది. పాస్తా, టమాటా జతగా వంట పుస్తకాలలో స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. ఇప్పోలితో కావల్‌కాంతి 1839 నాటి కూర్పులో నేపుల్స్ మాండలికంలో రాసిన భాగంలో టమాటాతో సన్న పాస్తా వండే విధానం ఉంది.

అంటే ఈ రెంటి కలయికకు రెండు వందల ఏళ్ళకు మించి పెద్ద వయస్సు లేదు. ఇందులో ఆశ్చర్యపడనక్కరలేదు. మన ఆవకాయలోని మిరప కూడా అదే అమెరికా నుంచి పోర్చుగీసు ఓడలలో మన పడమటి తీరానికి చేరినదే. మన చారులో టమాటా అంతకన్నా ఆలస్యంగా వచ్చింది. ‘తరతరాల వంట’ అని మనం అనుకునేదానిలో తరాలు ఎన్ని అని లెక్కపెట్టడం చరిత్రకారుని మొదటి పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
నేపుల్స్ వాసులు ‘ఆకులు తినేవాళ్ళ’ నుంచి ‘మెకరోనీ తినేవాళ్ళు’గా మారడానికి గల కారణాలను తెలపండి.

3. పండించినవాడు తిన్నాడా?

3.1 సగపాలు సేద్యం

మధ్య ఇటలీలోని తొస్కానా, ఉంబ్రియా, మార్కె ప్రాంతాలలో శతాబ్దాల పాటు ‘మెజ్జాద్రియా’ అనే సగపాలు పద్ధతి కొనసాగింది. భూమి, ఇల్లు యజమానివి. శ్రమ రైతు కుటుంబానిది. పండిన ధాన్యం, ద్రాక్షసారా, ఆలివ్ నూనె సగం సగం. ఇది కాక, పండుగలకు కోళ్ళు, గుడ్లు యజమాని ఇంటికి పంపాలన్న షరతు చాలా ఒప్పందాలలో ఉండేది. యజమాని సాధారణంగా పట్టణంలో నివసించేవాడు. అతని భాగం బండి మీద పట్టణానికి చేరేది. అతని ఇంటికి మించినది అంగడికి వెళ్ళేది.

నేడు పర్యాటకులు మెచ్చుకునే ఇటలీ అంగళ్ళ వెనుక ఈ వ్యవస్థ ఉంది. పట్టణం చుట్టూ తోటలు, పట్టణం మధ్యలో అంగడి అనే అమరిక పట్టణవాసుల అవసరం చుట్టూ ఏర్పడింది. ఇటలీ ఏకీకరణ కాలంలో ఈ అంగళ్ళు కొత్త రూపం దాల్చాయి. రోమ్‌లో కూరగాయల అంగడి 1869లో నవోనా కూడలి నుంచి కాంపో దె ఫియోరి కూడలికి మారింది. ఫ్లోరెన్స్‌లో వాస్తుశిల్పి జుసెప్పె మెంగోని రూపొందించిన ఇనుము, గాజు కప్పు గల కేంద్ర మార్కెట్టు 1874లో తెరుచుకుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక సంపర్క తరగతిలో ఈ పాఠం చెబుతుండగా, టమాటా సాగు చేసే కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని లేచి, “సార్, మా ఇంట్లో కూరకి మచ్చ పడినవే వాడతాం, మంచివి బుట్టలో పోతాయి” అంది. తరగతిలో కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. మెజ్జాద్రియా గురించి నేను అరగంట చెప్పినది ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది. పండించేవాడు తినేది ఒకటి, అమ్మేది మరొకటి అన్న తేడా ఒక్క దేశానిది కాదు.

తొస్కానా పల్లె వంటలలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. వారానికో రెండు వారాలకో ఒకసారి కాల్చుకున్న రొట్టె ఎండిపోతే దాన్ని నీటిలో నానబెట్టి ఉల్లిపాయ, వెనిగర్, కొద్ది నూనెతో కలుపుకోవడం, మిగిలిన కూర పులుసులో వేసి మళ్ళీ కాచుకోవడం అక్కడి అలవాటు. ఇవి నేడు పెద్ద హోటళ్ళలో వడ్డిస్తున్న వంటకాలే. వాటిని కనిపెట్టింది మాత్రం రొట్టె ముక్క పారేయలేని స్థితి.

3.2 మొక్కజొన్న సంకటి, పెల్లాగ్రా

ఉత్తర ఇటలీ పరిస్థితి ఇంతకన్నా కఠినం. వెనెతో, లొంబార్దియా మైదానాలలో 17, 18 శతాబ్దాలలో మొక్కజొన్న విస్తరించింది. ఇదీ అమెరికా పంటే. దిగుబడి ఎక్కువ కాబట్టి భూస్వాములు గోధుమను అమ్మకానికి ఉంచి, పాలేర్లకు, కూలీలకు మొక్కజొన్న వదిలారు. దాని పిండితో కాచే సంకటిని ‘పోలెంటా’ అంటారు. చలికాలమంతా, చాలా ఇళ్ళలో ఏడాది పొడవునా, మూడు పూటలా అదే తిండి.

ఫలితంగా ఒక వ్యాధి వ్యాపించింది. మొదట ఎండ తగిలే చోట చర్మం గరుకుబారి పగులుతుంది. తరువాత విరేచనాలు, నీరసం, చివరికి మతి చలించడం, మరణం. మిలాన్ వైద్యుడు ఫ్రాంచెస్కో ఫ్రపొల్లి 1771లో దీనికి ‘పెల్లాగ్రా’ అనే పేరును గ్రంథస్థం చేశాడు. ‘గరుకు చర్మం’ అని ఆ మాటకు అర్థం. 1880ల ఆరంభంలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే రోగుల సంఖ్య లక్ష దాటింది. వెనిస్ సమీపంలోని సాన్ సెర్వొలో ద్వీపపు పిచ్చాసుపత్రిలో చేరినవారిలో పెల్లాగ్రా రోగులు ఎందరో ఉన్నారు. వారికి పిచ్చి కాదు, పోషకాహార లోపం. 1877లో పార్లమెంటు ఆదేశంపై మొదలై, స్తెఫానో యాచీని నాయకత్వాన సాగిన వ్యవసాయ విచారణ కూడా గ్రామీణుల తిండి ఎంత హీనంగా ఉందో నమోదు చేసింది.

కారణం ఏమిటి? మొక్కజొన్నలోని నయాసిన్ అనే విటమిను శరీరానికి సులువుగా అందదు. అమెరికా ఖండపు ఆదివాసులు మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి రుబ్బేవారు, దానివల్ల ఆ విటమిను అందేది. ఐరోపా వారు పంటను తెచ్చుకున్నారు గాని, దానితోపాటు ఉన్న జ్ఞానాన్ని తెచ్చుకోలేదు. పాలు, మాంసం, పప్పులు తోడున్నవారికి ఇబ్బంది రాలేదు. తోడు ఏమీ లేని పేదలకే వచ్చింది.

ఈ చరిత్రకు మన ప్రాంతంతో నేరుగా సంబంధం ఉంది. దక్కన్‌లో జొన్నలే ప్రధానాహారమైన పేదలలో పెల్లాగ్రా కనిపించింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియ దీన్ని పరిశోధించి, జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం అధికంగా ఉండటం ఒక కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అయితే జొన్నను గాని, మొక్కజొన్నను గాని తప్పు పట్టవద్దు. జొన్న రొట్టె పక్కన పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉంటే అది మంచి భోజనం. పక్కన ఏమీ లేకపోవడమే వ్యాధికి మూలం. ఆ లేమికి కారణం వంటింట్లో కాదు, భూమి పంపకంలో ఉంది.

3.3 వలస, మార్పు

1876 నుంచి 1915 వరకు సుమారు 1 కోటి 40 లక్షల మంది ఇటలీ విడిచి వలస వెళ్ళారు. న్యూయార్క్, బ్యూనస్ ఐరిస్ వంటి నగరాలలో వారు కూలి పని చేసినా, ఊళ్ళో పండుగకు మాత్రమే దొరికిన పాస్తా, మాంసం, చీజ్ అక్కడ తరచుగా తినగలిగారు. ఇటలీ నుంచి పాస్తా, టమాటా డబ్బాల ఎగుమతి వారి కోసమే పెరిగింది. ఫ్రాంచెస్కో చీరియో 1856లో తూరిన్‌లో బఠాణీలతో ప్రారంభించిన డబ్బా ఆహార పరిశ్రమ తరువాత దక్షిణాది టమాటాకు విస్తరించింది. ఆ విధంగా ‘ఇటలీ వంట’గా ప్రపంచం గుర్తించిన భోజనం కొంత భాగం ఇటలీ బయటే రూపు దిద్దుకుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
పెల్లాగ్రాను కేవలం వైద్య సమస్యగా కాక సామాజిక సమస్యగా ఎందుకు చూడాలి?

4. సాదాతనాన్ని ఎవరు మెచ్చుకున్నారు?

సాదాగా వండడం, సాదాతనాన్ని మెచ్చుకోవడం వేరువేరు విషయాలు. మొదటిది అవసరం కావచ్చు. రెండవది మాత్రం ఎంచుకునే అవకాశం ఉన్నవారు చేసే పని. ఇటలీలో ఈ మెప్పుకు ఒక వరుస క్రమం ఉంది.

మొదెనాకు చెందిన జాకొమో కాస్తెల్వెత్రో మత విచారణ సంస్థ చేతిలో నుంచి తప్పించుకుని ఇంగ్లండులో తలదాచుకున్నాడు. 1614లో అక్కడే ఒక చిన్న గ్రంథం రాశాడు. ఇటలీలో తినే దుంపలు, ఆకులు, పండ్లు అన్నిటినీ ఋతువుల క్రమంలో వివరించాడు. మాంసం, తీపి ఎక్కువగా తినే ఇంగ్లండు వారికి కూరగాయల రుచి చెప్పాలని అతని కోరిక. ఆకులను బాగా కడిగి, నీరు తుడిచి, ఉప్పు, ధారాళంగా నూనె, కొద్దిగా వెనిగర్ వేసి కలపాలని చెప్పాడు. అతను చెప్పినది పేదల తిండి కాదు, చదువుకున్న కులీనుల బల్ల మీది తిండి. ప్రవాసి జ్ఞాపకంలో ఇంటి తిండికి వచ్చిన తీపి కూడా అందులో ఉంది.

ఇటలీ 1861లో ఒకే రాజ్యమైంది. అప్పటికి నలుగురిలో ముగ్గురికి చదువు రాదు. ప్రాంతానికో భాష, ప్రాంతానికో వంట. 1891లో, పట్టు వ్యాపారం నుంచి విరమించిన పెల్లెగ్రీనో ఆర్టూసి తన 71వ ఏట సొంత ఖర్చుతో ఫ్లోరెన్స్‌లో ఒక వంట పుస్తకం అచ్చు వేయించాడు. ప్రచురణకర్తలు ముందుకు రాలేదు. మొదట వెయ్యి ప్రతులు, 475 వంటకాలు. ఆయన మరణించిన 1911 నాటికి పుస్తకం 14 కూర్పులకు, 790 వంటకాలకు చేరింది. దేశం నలుమూలల గృహిణులు ఉత్తరాలు రాసి తమ వంటలు పంపారు. ఇంట్లో వాటిని వండి పరీక్షించినవారు మరియెత్త సబతీని, ఫ్రాంచెస్కో రుఫిల్లి అనే ఇద్దరు పనివారు. పుస్తకం మీద పేరు యజమానిది, పొయ్యి దగ్గర చెమట వారిది.

చరిత్ర ఆధారంగా ఈ పుస్తకం అమూల్యం. నలభై ఏళ్ళ క్రితం ఫ్లోరెన్స్ అంగడిలో వంకాయ, సోంపు జాతి గడ్డ అరుదుగా కనిపించేవని, యూదుల తిండి అని వాటిని చిన్నచూపు చూసేవారని ఆర్టూసి నమోదు చేశాడు. నేడు ఇటలీ వంటకే గుర్తుగా ఉన్న వంకాయ ఒకనాడు అంగడిలోకి రావడానికి కూడా పక్షపాతాన్ని దాటవలసి వచ్చిందన్నమాట. అలాగే ప్రతి విషయంలో తలదూర్చే ఒక మతాచార్యుడికి ఊరివారు ‘టమాటా అయ్యగారు’ అని పేరు పెట్టిన కథ ఆయన చెబుతాడు. ప్రతి వంటలోనూ దూరుతుంది కనుక టమాటా. 19వ శతాబ్దాంతానికి టమాటా ఎంత సాధారణమైందో ఈ హాస్యమే సాక్ష్యం. ఆధారాలు శాసనాలలోనే కాదు, వేళాకోళాలలో కూడా దొరుకుతాయని గుర్తుంచుకోండి.

20వ శతాబ్దంలో ఫాసిస్టు ప్రభుత్వం 1925లో ‘గోధుమ సమరం’ ప్రకటించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో రొట్టె రేషన్ 1942లో మనిషికి రోజుకు 150 గ్రాములకు పడిపోయింది. యుద్ధానంతరం పరిశ్రమలు పెరిగి పల్లెలు ఖాళీ అయ్యాయి. 1964 చట్టం కొత్త మెజ్జాద్రియా ఒప్పందాలను నిషేధించింది. రైతు పొలం విడిచి కర్మాగారానికి వెళ్ళిన తరువాతే ‘పేదల వంట’ అనే మాట పట్టణాలలో గౌరవ వాచకమైంది. తప్పనిసరిగా తిన్నవారు తగ్గాక, ఇష్టపడి తినేవారు పెరిగారు.

విదేశాలలో ఈ వంటను నేర్పినవారిలో మార్చెల్లా హజాన్ ముఖ్యురాలు. విజ్ఞానశాస్త్రం చదువుకున్న ఆమె పెళ్ళయ్యాక న్యూయార్క్ వెళ్ళి వంట నేర్చుకుంది. 1973లో వచ్చిన ఆమె మొదటి పుస్తకం అమెరికా పాఠకులకు, పదార్థాలు తక్కువగా ఉంటే ప్రతిదీ మంచిదై ఉండాలన్న సూత్రాన్ని బోధించింది. ఆమెకు పేరు తెచ్చిన సాస్‌లో టమాటాలు, వెన్న, రెండు చెక్కలుగా కోసిన ఉల్లిపాయ, ఉప్పు, అంతే.

1986లో రోమ్ నడిబొడ్డున మెక్‌డొనాల్డ్స్ దుకాణం తెరిచినప్పుడు నిరసనలు జరిగాయి. ఆ వాతావరణంలో కార్లో పెత్రీని నాయకత్వాన ‘స్లో ఫుడ్’ ఉద్యమం రూపొందింది. 1989లో పారిస్‌లో దాని ప్రకటన వెలువడింది. రైతులు నేరుగా అమ్మే అంగళ్ళకు ఇటలీ ప్రభుత్వం 2007 నవంబరులో నిబంధనలు జారీ చేసింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు అంతకు ముందే, 1999 జనవరి 26న మొదలయ్యాయి. అక్కడ మాట ఎక్కువగా నాణ్యత చుట్టూ, ఇక్కడ గిట్టుబాటు ధర చుట్టూ తిరిగింది. పండించేవారికీ తినేవారికీ మధ్య దూరం తగ్గించాలన్న ఉద్దేశం మాత్రం రెండింటిలోనూ ఒకటే. 2010లో యునెస్కో మధ్యధరా ఆహార విధానాన్ని మానవాళి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది.

5. సారాంశం

‘ఇటలీ రైతు తాతల కాలం నుంచి తింటున్న సాదా తిండి’ అన్న వాక్యం పరీక్షకు నిలవదని మీరు గమనించారు. పాస్తా, టమాటా జత 19వ శతాబ్దానిది. పండించిన రైతు చాలాకాలం సంకటి, ఎండు రొట్టె తిన్నాడు. సాదాతనానికి గౌరవం తెచ్చింది ప్రవాసులు, పట్టణ గృహిణులు, రచయితలు, ఉద్యమకారులు. అయితే ఇందువల్ల ఆ భోజనం విలువ తగ్గదు. రొట్టె ముక్క పారేయకుండా రుచిగా మలచిన చేతుల నేర్పు నిజం. ఆ చేతులకు దక్కనిది కూడా నిజం. ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పేదే చరిత్ర. వంటకాన్ని పొగిడి రైతును మరచినా, కష్టాన్ని మాత్రమే చెప్పి నేర్పును విస్మరించినా కథ సగమే అవుతుంది.

6. అభ్యాసం

ఈ వారం మీ దగ్గరలోని రైతుబజారుకు లేదా సంతకు వెళ్ళండి. మీ ఇంట్లో తరచు వండే ఒక కూరకు కావలసినవి కొని వండండి. తరువాత ఒక్కొక్క పదార్థానికి ఎదురుగా మూడు విషయాలు రాయండి: అది మన ప్రాంతానికి ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని పండించినవారి ఇంట్లో అదే రకం వండుతారా? మీ అమ్మమ్మ చిన్ననాడు ఆ కూరలో ఏమి ఉండేది కాదు? మూడవ ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు. పెద్దవారిని అడిగే రాయాలి. అడగడానికి ఆలస్యం చేయకండి.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఇటలీ ఆహారంపై అమెరికా ఖండపు పంటల ప్రభావాన్ని వివరించండి.
2. మెజ్జాద్రియా పద్ధతికీ పట్టణ అంగళ్ళ వికాసానికీ గల సంబంధాన్ని చర్చించండి.
3. ఆర్టూసి వంట పుస్తకాన్ని చారిత్రక ఆధారంగా అంచనా వేయండి.
4. ‘సంప్రదాయ వంట అన్నది కొంత వారసత్వం, కొంత నిర్మాణం.’ మీ ప్రాంతం నుంచి ఒక ఉదాహరణతో పరిశీలించండి.